బిరడాకి రాసిన వేజలైన్

నాకు ముక్కు మీదే కోపం ఉంటుందని మా ఇంట్లో అందరూ అనేవారు. కోపం సంగతి ఎలా ఉన్నా ముక్కు మాత్రం మంచిదే. మా నాన్నకి ఏలూరు వన్ టౌన్‌లో కాలవకి దగ్గరగా చిన్న అత్తరు కొట్టు ఉండేది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు మెట్టు కింద ఆగాల్సిన కొట్టు. ఆ సీసాల మధ్యే పెరిగాను. కళ్ళు మూసుకుని ఏది మల్లె, ఏది మొగలి, ఏది వట్టివేరు, ఏది చవక నూనె కలిపిన సరుకు అని పదేళ్ళప్పుడే చెప్పేదాన్ని. ద్వారకా తిరుమల కొట్లవాళ్ళు గంధం నూనె కోసం వస్తే మా నాన్న నన్ను పిలిచి మరీ వాసన చూపించి, "మా అమ్మాయి సరే అంటే తీసుకోండి" అనేవాడు. ఆడపిల్లకి ఈ ముక్కు ఎందుకు పనికొస్తుందని మా అమ్మ దెప్పేది. ఎందుకు పనికొచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇంటర్ తర్వాత నా చదువు సాగలేదు. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. రోజూ పొద్దున్నే పవర్‌పేటలో పాసింజరు ఎక్కేదాన్ని. దెందులూరు, భీమడోలు, పూళ్ళ దాటి గూడెంలో దిగి, స్టేషన్ నుంచి నడిచి తొమ్మిదింటికల్లా ల్యాబు తాళం తీసేదాన్ని. గాజు సామాను కడగడం, ఆరబెట్టడం, పిల్లలు ప్రాక్టికల్స్‌కి వచ్చేలోపు బ్యూరెట్లు సిద్ధం చేయడం నా పని. వినడానికి అంట్లు తోమే పనిలాగే ఉంటుంది. మా పిన్ని ఒకసారి ఆ మాట పైకి అంటే రెండు నెలలు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ పనిలో నేను అందరికన్నా బాగా చేసేది ఒకటుండేది, వేజలైన్ రాయడం. బ్యూరెట్ల గాజు కుళాయికీ, సీసాల గాజు బిరడాకీ వేజలైన్ రాయకపోతే అవి పట్టేస్తాయి, లేదా కారతాయి. నాకు ముందు పనిచేసి రిటైరైన పెద్దాయన వెళ్ళేముందు నాలుగు రోజులు కూర్చోబెట్టి ఇదొక్కటే నేర్పించాడు. "గాజుకి గాజు తగలకూడదమ్మా. మధ్యలో వేజలైన్ ఉండాలి. ఎక్కువైతే రంధ్రం మూసుకుపోతుంది, తక్కువైతే కారుతుంది" అని. వేలి కొసతో చుట్టూ రాసి, బిరడా పెట్టి ఒక్క తిప్పు తిప్పితే, అరగదీసిన గాజు మసక పోయి అతుకు కనపడనంత తేటగా అయిపోవాలి. అలా తేటపడితే బాగా రాసినట్టు. నేను రాస్తే ఎప్పుడూ అలాగే తేటపడేది. నేను ముట్టుకున్న బ్యూరెట్ నుంచి చుక్క కారిందని పదేళ్ళలో ఎవరూ అనలేదు. ఆ గర్వం నాకు బాగా ఉండేది, దాచుకున్నదీ లేదు.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతాల్లో మా కెమిస్ట్రీ మేడం పీహెచ్‌డీ మొదలుపెట్టింది. ఆవిడది గూడెమే, పౌరోహిత్యం చేసే ఇంటి పిల్ల, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఆపరేషన్ చేసేముందు మనిషికి ముక్కు దగ్గర పట్టే మత్తుమందులు ఉంటాయి కదా, అవి నూనెలో ఎంత కరుగుతాయి, నీళ్ళలో ఎంత కరుగుతాయి అని కొలవడం ఆవిడ పని. మొదట్లో నాకు నవ్వొచ్చింది.

"మనిషిని పడుకోబెట్టే మందుకి నూనెతో ఏం పనండీ?" అని అడిగాను.

"మందు పనిచేసేది మెదడులో కదండీ. మెదడు నిండా కొవ్వే. నూనెలో ఎంత బాగా కరిగితే అంత తక్కువ మందుతో మనిషి మత్తులోకి వెళ్తాడు. నీళ్ళలో, రక్తంలో ఎక్కువ కరిగేదైతే మత్తు ఎక్కడానికీ దిగడానికీ ఆలస్యమవుతుంది. అందుకని రెండూ కొలవాలి" అంది.

అప్పటినుంచి నాకు ఆ పని మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి బల్ల మీద పడుకుని, మళ్ళీ లేచి ఇంటికి వెళ్ళడం వెనక ఇలాంటి కొలత ఒకటి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

మేము కొలిచినవి రెండు మందులు. ఒకటి ఈథర్, పాతకాలం ఆసుపత్రి వాసన. రెండోది హాలోథేన్. ముదురు గోధుమరంగు సీసాలో ఉండేది, వాసన కొంచెం తియ్యగా, మాగిన పండు ఉన్న గదిలోకి వెళ్ళినట్టుగా ఉంటుంది. కొలిచే పద్ధతి చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. బిరడా ఉన్న గాజు సీసాలో సగానికి నీళ్ళు పోస్తాం. మిగతా సగంలో గాలి. ఆ గాలిలోకి తెలిసినంత మందు ఎక్కించి, బిరడా బిగించి, ఒంటి వేడి ఎంతో అంత వేడి నీళ్ళ తొట్టిలో, అంటే ముప్ఫై ఏడు డిగ్రీల్లో ఉంచి కుదుపుతాం. తర్వాత బిరడాకున్న చిన్న గాజు కుళాయి గుండా సిరంజితో కాస్త గాలి లాగి, అందులో మందు ఎంత మిగిలిందో గ్యాస్ క్రొమాటోగ్రాఫ్ అనే యంత్రం మీద చూస్తాం. గాలిలో ఎంత తగ్గితే అంత నీళ్ళు తాగినట్టు లెక్క. నీళ్ళ బదులు నూనె పోస్తే నూనెకీ అదే లెక్క.

ఆ యంత్రం ఏదో గ్రాంటు మీద వచ్చి, ఏళ్ళ తరబడి గుడ్డ కప్పుకుని కూర్చుంది. దాని మీద దుమ్ము దులిపిన చేతులు నావే, దానికి పని పడ్డ రోజున స్విచ్చి వేసిన చేతులూ నావే. వేడెక్కి కుదుటపడడానికి దానికి రెండు గంటలు పట్టేది. సరిగ్గా కుదుటపడేసరికి కరెంటు పోయేది. మేడం తల పట్టుకునేది. నేను కరెంటాఫీసుకి ఫోన్ చేసి పోట్లాడేదాన్ని. కొన్నాళ్ళకి నా గొంతు వినగానే "వచ్చేస్తుందండీ, అరగంటలో వచ్చేస్తుంది" అని వాళ్ళే పెట్టేసేవారు.

పుస్తకాల్లో అందరూ ఆలివ్ నూనెతో కొలిచారు. మన దగ్గర అది చంటిపిల్లల ఒంటికి రాయడానికి మెడికల్ షాపులో చిన్న డబ్బాల్లో దొరికేది. మేడం దాంతో పాటు మన నూనెలు కూడా చూద్దామంది. నువ్వుల నూనె, చింతలపూడి వైపు తోటల గెలల నుంచి తీసిన పామాయిలు, ఇంకా ఏదైనా జంతువు కొవ్వు ఉంటే బాగుండునని నసిగింది. పాపం ఆవిడ కోడిగుడ్డు కూడా ముట్టని మనిషి. కొల్లేరు చేపలు తెస్తానన్నాను. ఏలూరు మార్కెట్టులో ఐసు పెట్టెల్లో దిగిన బలిసిన బొచ్చెల కడుపులోంచి కొవ్వు తీయించి, మా ఇంట్లోనే మూకుట్లో వేసి కాచాను. ఆ మూకుడు మళ్ళీ ఇంట్లోకి రానివ్వనని మా అమ్మ వీధిలో పెట్టేసింది. ఆ నూనెతో కొలిచిన రోజు మేడం పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో అంకెలు రాసింది. అంకెలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. నాలుగు నూనెలూ ఒకదానికొకటి దగ్గరదగ్గరగా, పుస్తకంలో ఉన్నదానికి దగ్గరగా వచ్చాయి. మేడం నా చేయి పట్టుకుని ఊపేసింది, చేప వాసన కూడా మర్చిపోయి.

చిక్కంతా నీళ్ళతోనే వచ్చింది. ఈథర్ నీళ్ళలో సరిగ్గానే కొలతకి వచ్చింది. హాలోథేన్ నీళ్ళలో చాలా తక్కువ కరుగుతుంది. పుస్తకంలో అంకె, అంటే గాలిలో ఒక వంతు మిగిలితే నీళ్ళలోకి ఎంత చేరిందనే లెక్క, ఒకటికన్నా తక్కువ, సున్నా పాయింట్ ఎనిమిది. మాకు ఒకరోజు ఒకటిన్నర, ఒకరోజు రెండు వచ్చేది. నీళ్ళు మార్చాం. సీసాలు మార్చాం. కుదిపే సమయం పెంచితే అంకె ఇంకా పెరిగింది. మందు ఎక్కడో కారిపోతోందేమోనని బిరడాలకి నేను ఇంకా శ్రద్ధగా, ఇంకా నిండుగా వేజలైన్ పట్టించాను. అంకె రెండు దాటింది. అలా మూడు నెలలు గడిచిపోయాయి.

అప్పుడు యూనివర్సిటీ నుంచి మేడం గైడుగారు చూడ్డానికి వచ్చారు. పెద్దాయన, మితంగా మాట్లాడే మనిషి. కొలతల పుస్తకం మొదటినుంచీ తిరగేసి, ఒకచోట ఆగి, నా వైపు చూశారు.

"ఈ సీసాలు బిగించేది ఎవరమ్మా?"

"నేనేనండి" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఈ నాలుగు రోజులూ?" అని తేదీలు చూపించారు.

"అప్పుడు సెలవులో ఉన్నానండి. మా నాన్నకి జ్వరం. మేడంగారే చేసుకున్నారు."

ఆ నాలుగు రోజుల కొలతలూ ఒకటికి అటూ ఇటూ ఉన్నాయి. మిగతావన్నీ ఒకటిన్నర, రెండు. ఆయన పుస్తకం మూసి మేడంతో ఇంగ్లీషులో, ఈవిడ చేతిలో శుభ్రత లేదు, ముందు ఈవిణ్ణి మార్చండి అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ, నాకు ఇంగ్లీషు అర్థమవుతుందండీ. నా గురించే కదా, తెలుగులోనే చెప్పండి, వింటాను" అన్నాను.

ఆయన తెలుగులో కూడా అదే చెప్పారు.

మేడం ఏదో సర్దిచెప్పబోయింది కానీ ఆయన వినలేదు. మూడు వారాల్లో మళ్ళీ వస్తానని, అప్పటిదాకా నేను సీసాలు ముట్టుకోకూడదని, నేను లేకుండా కొలతలు కుదిరితే ప్రిన్సిపాల్‌గారితో చెప్పి నన్ను ఆఫీసు సెక్షన్‌కి వేయించేయమని చెప్పి వెళ్ళిపోయారు. ఆఫీసులో జీతం అదే. ఫ్యాను ఉంటుంది, కుర్చీ ఉంటుంది, చేతులకి యాసిడ్ మరకలు పడవు. మా అమ్మ వింటే సంతోషించేది. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. పదేళ్ళుగా నాకంటూ ఉన్నది ఆ ల్యాబు ఒక్కటే. అక్కడ నా చేతికి విలువ ఉందనే కదా పిన్నితో, అమ్మతో, అందరితో పోట్లాడుతూ వచ్చింది. ఇప్పుడు చేతిలో శుభ్రత లేదని నన్ను ఫైళ్ళ దగ్గర కూర్చోబెడితే ఇక ఎవరికి ఏమని చెప్పుకోను?

"నా తప్పేం లేదండీ, మీరు నమ్ముతున్నారా లేదా?" అని మేడాన్ని నిలదీశాను.

"నమ్ముతానండీ. కానీ అంకెలు అలా ఉన్నాయి, నేనేం చెప్పను" అంది ఆవిడ, కళ్ళు దించుకుని.

ఆ వారమంతా ఆవిడే సీసాలు బిగించుకుంది, ఆవిడే కుదిపింది. నేను సింకు దగ్గర కడిగే పనిలో ఉన్నాను. నేను ముట్టుకోకపోయేసరికి కొలత బాగుపడింది. ఒకటి, ఒకటికి కొంచెం ఎక్కువ, ఒకటి. మేడం ఆ అంకెలు నాకు చూపించకుండా పుస్తకం మూసేసేది. నేను చూడనట్టే ఉండేదాన్ని. భోజనాల వేళ ఇద్దరం రెండు బల్లల మీద కూర్చుని తిన్నాం. ఇంతకన్నా అవమానం ఏముంటుందని సింకు దగ్గర ఏడ్చాను కూడా. కుళాయి తిప్పేసి ఏడిస్తే ఎవరికీ వినపడదు.

శుక్రవారంనాడు, గైడుగారు వచ్చిన రోజున నేను బిగించిన ఆరు సీసాలు అలమరలోంచి తీశాను. పని అవ్వగానే వాటిలో నీళ్ళు పారబోసి, లోపల రెండుసార్లు కడిగి, ఏ సీసా బిరడా ఆ సీసాకే పెట్టి ఉంచడం నా అలవాటు, బిరడాలు మారిపోకుండా. ఒక్కొక్క బిరడా తీసి దూదితో పాత వేజలైన్ తుడుస్తున్నాను. ముక్కుకి తియ్యటి వాసన తగిలింది. హాలోథేన్ వాసనే. మేడం సీసా మూత తీసిందేమోనని వెనక్కి చూశాను. ఆవిడ క్లాసుకి వెళ్ళింది, మందు సీసా బీరువాలో తాళం వేసి ఉంది. కడిగిన సీసాలో ముక్కు పెట్టి చూశాను. లోపల ఉందీ లేనట్టుగా ఉంది. బిరడా దగ్గర పెట్టుకున్నాను. ఉంది. చేతిలో దూది దగ్గర పెట్టుకున్నాను. ఇంకా గట్టిగా ఉంది.

ఆ దూదిని బిరడా ఉన్న ఖాళీ సీసాలో వేసి, ఈసారి వేజలైన్ రాయకుండా మూసి, మర్నాడు తెరిచి చూశాను. వాసన గుప్పుమంది. అయినా నా ముక్కుని నేనే నమ్మలేదు. ఆ వారమంతా అంతటి అవమానంలో ఉన్నాను, ఏది కావాలనుకుంటే అది కనపడుతుంది మనిషికి. అందుకని ఆదివారం ఆ సీసా రుమాల్లో చుట్టుకుని మా నాన్న కొట్టుకి తీసుకెళ్ళాను.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ. మా నాన్న బిరడా తీసి, చేత్తో గాలి తన వైపు విసురుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఇదేం అత్తరమ్మా? ఆసుపత్రి అత్తరా?"

"మా ల్యాబులో మందు నాన్నా. మందు లేదు ఇందులో. సీసా మూతకి రాసిన వేజలైన్ తుడిచిన దూది. అది రాసి ఎనిమిది రోజులైంది."

"అయితే?"

"అయితే అందులో వాసన ఎలా ఉంటుంది?"

మా నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"వేజలైనంటే నూనె జిడ్డే కదమ్మా. జిడ్డుకి తగిలితే వాసన వదుల్తుందా? ఈ కొట్టంతా దాని మీదే కదా నడిచేది. పువ్వుల వాసన నీళ్ళలో పడితే నిలవదు, నూనెలోకి పట్టుకుంటాం. ఇన్నేళ్ళు ఇందులో పెరిగి నన్ను అడుగుతావేంటి?"

నేను గుడ్లప్పగించి నిలబడిపోయాను. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతే. మేడం నూనె గురించి చెప్పినప్పుడు తలూపిన సంగతే. హాలోథేన్‌కి నూనె ఎంత ఇష్టమో నా చేతులతోనే నాలుగు నూనెల్లో కొలిచాను. అలాంటి మందుని సీసాలో పెట్టి, దాని మూతికి నేనే జిడ్డు రాశాను. గాలిలోంచి తగ్గిన మందంతా నీళ్ళు తాగాయని మేము లెక్క రాసుకుంటూ కూర్చున్నాం. సగానికి పైగా తాగింది బిరడాకున్న వేజలైన్. నేను ఎంత శ్రద్ధగా రాస్తే అంత ఎక్కువ తాగింది. మేడానికి చేతులు జిడ్డవడం గిట్టదు కాబట్టి ఏదో రాశాననిపించేది. అందుకే ఆవిడ కొలతలు నయంగా ఉన్నాయి. నూనె కొలిచినప్పుడు కూడా వేజలైన్ తాగే ఉంటుంది, కానీ నూనె బిందెలకి బిందెలు తోడేసుకుంటున్న చోట ఆ గ్లాసుడు ఎవరికి కనపడుతుంది. నీళ్ళు తాగేదే గ్లాసుడు కాబట్టి అక్కడ తేడా కొట్టొచ్చినట్టు కనపడింది.

మొదట ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది. గైడుగారన్నది నిజమేనన్నమాట. తప్పు నా చేతిదే. శుభ్రత లేక జరిగిన తప్పు కాదు, అతిశ్రద్ధ వల్ల జరిగింది. అయినా తప్పు తప్పే.

సోమవారం పాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచన. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. మేడం సీసాలు బిగించేముందు బిరడాలు శుభ్రంగా తుడిచి ఇచ్చేస్తే చాలు, ఆవిడ చేతిలో కొలత ఇంకా బాగా కుదురుతుంది. కానీ అప్పుడు ఆఫీసు సెక్షన్ ఖాయం. చెబితే, నావల్లే మూడు నెలలు పోయాయని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. అంత పోట్లాడి, నాకు ఇంగ్లీషు వచ్చని ఆయన మొహం మీదే అని, ఇప్పుడు వెళ్ళి తప్పు నాదేనని ఎలా చెప్పను? గుండుగొలను దాటేదాకా చెప్పకూడదనే అనుకున్నాను. పూళ్ళ వచ్చేసరికి, నేను చెప్పకపోతే ఆ వేజలైన్ సంగతి ఈ భూమ్మీద ఎవరికీ తెలియకుండా పోతుందని, దాన్ని పట్టుకున్నది నా ముక్కేనని తోచింది. తప్పు నాదే, పట్టుకున్నదీ నేనే. రెండూ కలిపే చెప్పాలి. ఒకటి దాచి రెండోది చెప్పుకోవడం కుదరదు.

మేడం స్టాఫ్ రూములో ఉండగానే వెళ్ళి నిలబడ్డాను.

"తప్పు నాదేనండీ. నా చేతిదే. నేను రాసిన వేజలైన్ మందుని తాగేస్తోందండీ."

ఆవిడకి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలోంచి లేచి, స్టాఫ్ రూములో అందరూ ఉన్నారన్నది కూడా చూసుకోకుండా ల్యాబు వైపు గబగబా నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను.

"ముందు కొలుద్దామండీ. మాటలు తర్వాత" అంది.

మొదట సీసాలో అసలు నీళ్ళే పోయకుండా, వట్టి గాలి, మందు పెట్టి, నేను ఎప్పటిలాగే నిండుగా వేజలైన్ రాసి బిగించాను. నీళ్ళు లేవు, నూనె లేదు. మందు ఎక్కడికీ పోవడానికి లేదు. గంట తర్వాత చూస్తే గాలిలో మందు సగానికి పడిపోయింది. మేడం యంత్రం గీసిన గీత వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ గీత వైపు చూసింది.

"మరి రాయకపోతే కారుతుంది కదండీ" అంది.

దానికి జవాబు రైల్లోనే ఆలోచించుకున్నాను. "ఏది కొలుస్తుంటే అదే రాద్దామండీ. నీళ్ళు కొలుస్తుంటే బిరడాకి నీళ్ళే తడి చేద్దాం. నూనె కొలుస్తుంటే ఆ నూనే, ఎంత రాశామో కొలిచి రాద్దాం. ఎటూ దాని లెక్కలోకే పోతుంది."

నీళ్ళ తడితో బిగించి, సీసా మూతి తొట్టి నీళ్ళలో మునిగేలా పెట్టి కుదిపాను. ఆ రోజు కరెంటు కూడా పోలేదు. సాయంత్రం నాలుగింటికి వచ్చిన అంకె సున్నా పాయింట్ ఎనిమిది రెండు. మర్నాడు సున్నా పాయింట్ ఏడు తొమ్మిది. మేడం నన్ను కావలించుకుంది. నేను గట్టిగా ఏడ్చాను, ఈసారి కుళాయి తిప్పకుండానే.

గైడుగారు చెప్పిన రోజుకి వచ్చారు. మేడం నోరు తెరవకముందే నేనే చెప్పాను.

"మీరన్నది నిజమేనండి. తేడా నా చేతి వల్లే వచ్చింది. ఎలా వచ్చిందో చూపిస్తాను, చూడండి."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. వేజలైన్ రాసి ఒకటి, నీళ్ళ తడితో ఒకటి, రెండు సీసాలూ ఆయన కళ్ళెదుటే బిగించి పెట్టాను. రెండు గంటలూ అక్కడే కూర్చున్నారు. అంకెలు వచ్చాక బిరడా తీసి, ఆయన కూడా వాసన చూశారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు.

"ఈ వేజలైన్ ఎంత తాగుతుందో విడిగా కొలవండి. నూనెల పట్టికలో దాన్ని కూడా వేద్దాం." కళ్ళజోడు పెట్టుకుని, "కొలిచేది ఆవిడే కావాలి" అన్నారు మేడంతో.

ఆఫీసు సెక్షన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను వేజలైన్ తూచి, కరిగించి, సీసా గోడలకి పలచగా పట్టించి, నెలన్నరపాటు కొలిచాను. ఒక్కొక్క కొలత మూడేసి సార్లు. నా తప్పుని నేను అంత ఓపిగ్గా, అంత ప్రేమగా ఇంకెప్పుడూ చూసుకోలేదు.

పీహెచ్‌డీ వైవా విశాఖపట్నంలో జరిగింది. మీరు రాకపోతే నాకు ధైర్యం చాలదండీ అని మేడం నన్ను వెంట తీసుకెళ్ళింది. రాజమండ్రి దాటి వెళ్ళడం నాకదే మొదటిసారి. పెద్ద హాలు, ఆఖరి వరసలో కూర్చున్నాను. వేరే రాష్ట్రం యూనివర్సిటీలో పనిచేసే తెలుగాయన ఒకరు పరీక్షకుడిగా వచ్చారు. గంటసేపు అడిగాక పట్టిక దగ్గర ఆగారు. ఆలివ్ నూనె, నువ్వుల నూనె, పామాయిలు, చేప నూనె, నీళ్ళు. వాటి కింద వేజలైన్.

"ఇదేంటమ్మా? వేజలైన్ ఎవరు కొలుస్తారు?"

మేడం వెనక్కి తిరిగి నన్ను చూపించింది.

"ఆ కొలత ఆవిడదండి. ఆవిణ్ణే అడగండి."

హాలంతా వెనక్కి తిరిగింది. ముందు బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఎందుకు కొలిచారు?" అని నన్నే అడిగారాయన.

"తప్పు నా చేతి వల్ల జరిగిందండి. ఎంత తప్పో తెలియాలి కదండీ, అందుకని కొలిచాను."

ఎవరూ నవ్వలేదు. ఆయన ఆ అంకె వైపు మరోసారి చూసి, "మీరు ఏ డిపార్టుమెంటమ్మా? ఏం చేస్తున్నారు?" అన్నారు. నేను చెప్పబోయేలోపు మొదటి వరసలో కూర్చున్న గైడుగారు కూర్చున్నచోటే కొంచెం ఇటు తిరిగారు.

"ఆవిడ మా ల్యాబు మనిషండి" అన్నారు.